మీటిన నాదము, నిలిచిన నాదము

(మాండలిన్ శ్రీనివాస్ స్మృత్యర్థము అన్నవరమున చేసిన ఉపన్యాసము)

స్మారకోపన్యాసమనగా దివంగతుని జననము మొదలుకొని బిరుదముల వరకు వరుసగా చెప్పి, ఆయన లేని లోటు తీరనిదని ముగించుట మన సభలలో ఆచారమైపోయినది. శ్రీనివాస్ గారి విషయమున ఆ పనిని పత్రికలును సభలును చేయుచునే యున్నవి. నేనును దానినే చేసినచో మీ కాలమును వ్యర్థపుచ్చినవాడనగుదును. కావున ఆయన చేసిన పనులలో తెలుగువారు మిక్కిలి తక్కువగా విన్నదియు, విన్నవారు సైతము ‘అదేదో దొరల సరదా’ యని ప్రక్కన పెట్టినదియు నగు ఒక్క ఆల్బమును తీసికొని, అది మన గోదావరి సీమ వాద్యపరంపరకు పరాయిది కాదనియు, ఆ పరంపర తరతరములుగా ఎదుర్కొనుచు వచ్చిన ఒక ప్రశ్నకు అదియు నొక సమాధానమనియు మనవి చేయుట నా సంకల్పము.

ఆ ఆల్బము పేరు ‘డ్రీమ్’. ఇంగ్లండునందలి రియల్ వరల్డ్ రికార్డ్స్ సంస్థ 1995లో దానిని వెలువరించినది. మన శ్రీనివాస్ గారును, కెనడా దేశీయుడగు గిటారు వాద్యకారుడు మైకేల్ బ్రూక్ అనునాతడును తమ యిద్దరి పేరను చేసిన రచన యది. ‘డాన్స్’, ‘థింక్’, ‘రన్’, ‘డ్రీమ్’ అని అందు నాలుగే దీర్ఘఖండికలు గలవు. బ్రెజిల్ దేశపు తాళవాద్యప్రవీణుడు నానా వాస్కొన్సెలోస్, చెల్లో వాయించు కేరొలైన్ లవెల్, కెనడా గాయని జేన్ సిబెరీ మొదలగువారు అందు పాల్గొనిరి. గాత్రము నడుమ మెరసినను ఆల్బము ప్రధానముగా వాద్యముల సల్లాపమే. మన కచేరీలో వలె కృతి తరువాత కృతి నడువదు. రాక్ సంగీతమనగానే మనవారు జడియు హోరును అందు లేదు. విద్యుద్వాద్యముల మెల్లని పొరలమీద ఒక చిన్న తంత్రీవాద్యము తన రాగభాషలో తాను మాటలాడుచుండును. అంగళ్లలో దానికి ‘వరల్డ్ మ్యూజిక్’ అను అర దొరకినది గాని, వంశవృక్షమును విప్పి చూచినచో దాని కొక ప్రక్క పాశ్చాత్యుల ప్రోగ్రెసివ్ రాక్, యాంబియెంట్ సంగీతములును, వేరొక ప్రక్క మన వీణయు పూర్వులుగా కనబడుదురు. ఈ రెండు వంశములకును వియ్యము కుదిరిన చోటు ఏదో నిర్ణయించుటయే నేటి మన విషయము.

ఉప్పలపు శ్రీనివాస్ గారు 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లున జన్మించిరి. తండ్రిగారిది ఈ అన్నవరపు రత్నగిరిమీది స్వామి పేరే, సత్యనారాయణ. ఆయన క్లారినెట్ విద్వాంసులు. ఇంటనున్న తండ్రిగారి మాండలిన్‌ను ఆరేండ్ల ప్రాయమున చేతబట్టిన బాలుడు, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములలో తొలి కచేరీ చేసెను. పిమ్మట మద్రాసు చేరి, అచటి కఠిన శ్రోతలను మెప్పించి, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవమున జాజ్ తప్ప వేరొండు వినుటకు రాని సభాసదులను సైతము కూర్చుండబెట్టెను. 1998లో పద్మశ్రీ వచ్చినది. 2014 సెప్టెంబరు 19న, నలువదియైదేండ్లకే, చెన్నైలో ఆయన కన్నుమూసిరి. ఈ చరిత్రలో నాకు నేడు కావలసిన అంశము ఒక్కటే. ఆయనకు విద్య గరపిన రుద్రరాజు సుబ్బరాజు గారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాయకులు. వారికి మాండలిన్ వాయించుట రాదు. గురువు పాడుచుండగా శిష్యుడు ఆ పాడినదానిని తీగమీదికి తెచ్చుకొనుచుండెను. వేలు ఎక్కడ పెట్టవలెనో, ఎట్లు మీటవలెనో చూపువారు లేరు. ఆ కంఠము ఎట్లు సాగినదో అట్లు సాగుమని మాత్రమే గురువాజ్ఞ. ఈ చిన్న విషయమునందే మనము చెప్పుకొనబోవు సమస్య సమస్తమును ఇమిడి యున్నది.

కంఠము సాగును, మీటిన తీగ సాగదు. మాటలతో చెప్పుటకంటె చూపుట మేలు గనుక, ఈ వేదికమీద నున్న మిత్రులు విద్యుత్సంబంధము లేని మామూలు మాండలిన్‌పై ఇప్పుడొక్క స్వరమును మీటుదురు, వినుడు. ‘సత్యనారాయణ’ అని నిదానముగా ఒకమారు అనునంతలో అది ఇంకిపోయినది. ఇటలీ దేశమున పెరిగిన ఈ వాద్యమునకు ఎనిమిది తీగలు, జంటజంటగా నాలుగు వరుసలు. శ్రుతి వయొలిన్ శ్రుతియే. వయొలిన్‌కు కమాను గలదు గనుక స్వరము కావలసినంతసేపు నిలుచును. మాండలిన్‌కు అది లేదు గనుక పాశ్చాత్యులు తీగను పైకిని క్రిందికిని వడివడిగా కొట్టి, చినుకుల ధారను ఏరుగా భ్రమింపజేయుదురు. మన చలనచిత్ర వాద్యబృందములలో మాండలిన్ అనగా ఆ జలజల శబ్దమే. అది ఇంపైనదే కాని, దానితో తోడిరాగమును పలికించుట సాధ్యము కాదు. తోడి గాంధారమునకు ఊగుట ప్రాణము, ఊగుటకు ముందు స్వరము బ్రదికి యుండవలెను గదా! పైగా మెట్లు కొయ్యలో దిగగొట్టిన లోహపు కడ్డీలు. అష్టకమును పన్నెండు సమభాగములుగా కోసి పెట్టినవి. ఆ మెట్ల నడిమి సందులలోనే మన రాగముల నివాసము. తీగను ప్రక్కకు లాగి ఆ సందులలోనికి పోవుదమన్నచో, జంటతీగలు రెండును ఒక్కరీతిగా లొంగవు.

శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున స్వరలక్షణము చెప్పుచు దానికి అనురణనము స్వరూపమనినాడు. మీటు తగిలిన క్షణమున పుట్టు చప్పుడు కాదు, దాని వెన్నంటి మ్రోగుచు శ్రోతృచిత్తమును రంజింపజేయు సాగుదలయే స్వరమని ఆ మతము. పదుమూడవ శతాబ్దినాటి ఈ నిర్ణయమును అంగీకరించినచో, మీటు వాద్యములవారి సాధన అంతయు, ఇంకిపోవు స్వభావము గల నాదమును ఇంకకుండ నిలుపు యత్నమే యగును. మన వైణికులు దీనికై ఎంచుకొన్న ఉపాయము మిక్కిలి సూక్ష్మమైనది. మైనముపై నిలిపిన ఇరువదినాలుగు మెట్ల మీద తీగను ఒక్కసారి మీటి, ఆ మ్రోత సన్నగిల్లకముందే తీగను లాగి, వదలి, మరల లాగి, ఒక్క మీటు పుట్టించిన ఊపిరిలో నాలుగైదు స్వరములను నడపింతురు. నాదము క్షీణించుచుండగనే దానిచే అర్థవంతమైన పనిని చేయించుకొనుట ఆ విద్యలోని రహస్యము.

ఈ విద్యకు మన సీమ పెట్టినది పేరు. ఇక్కడికి దగ్గరనే యున్న పిఠాపుర సంస్థానమున తుమరాడ సంగమేశ్వరశాస్త్రి గారు ఆస్థాన వైణికులై వెలసిరి. 1922లో ద్రాక్షారామమున జన్మించిన ఈమని శంకరశాస్త్రి గారు వీణకు గాత్రపు నిడివిని తెచ్చుటయే గాక, ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యబృందమునకు ‘ఆదర్శ శిఖరారోహణము’ వంటి ఇతివృత్తాత్మక రచనలు కూర్చి, సాహిత్యము లేకయే వాద్యములచే ఒక కథ నడిపింపవచ్చునని చూపిరి. 1936లో కాకినాడలో పుట్టి వారికి శిష్యులైన చిట్టిబాబు గారు ‘కొమ్మలో కోయిల’ అను వీణారచనతో సంగీతశాస్త్రము తెలియని ఇండ్లలో గూడ వీణను వినిపించిరి. వీణకు విద్యుత్తు సాయమును నిస్సంకోచముగా తెచ్చుకొన్న తరము ఇదియే. బిగ్గరగా వినిపించుట ఆ సాయమున పైకి కనబడు ప్రయోజనము మాత్రమే. క్షీణించుచున్న నాదపు చివరి కొసను, వైణికునికి తప్ప అన్యులకు వినబడకుండ పోవు ఆ కొసను, వెనుక వరుసలోని శ్రోత దాక చేర్చుట దాని లోపలి ప్రయోజనము. శ్రీనివాస్ గారిని మద్రాసు అద్భుతబాలునిగా మాత్రమే చూచువారు, ద్రాక్షారామము, కాకినాడ, పాలకొల్లు అను మూడూళ్లను ఒక్క గీతపై నుంచి చూడరు. చూచినచో బాలుని అద్భుతము తగ్గదు కాని, దాని వెనుకనున్న నేల కనబడును.

శ్రీనివాస్ గారు చేసిన పరిష్కారము సాహసమైనది. జంటతీగలను తీసివైచి ఒంటితీగలుంచిరి. మంద్రస్థాయి నిండుటకై అయిదవ తీగను చేర్చిరి. బోలుపెట్టె మాండలిన్‌కు మారుగా విద్యున్మాండలిన్‌ను చేపట్టిరి. దాని పనితీరు సులభమే. ఉక్కుతీగ క్రింద అయస్కాంతమును, దానిచుట్టు సన్నని రాగితీగ చుట్టయు నుండును. పైని తీగ కదలినపుడెల్ల ఆ చుట్టలో సూక్ష్మవిద్యుత్తు పుట్టి, ఆంప్లిఫయరున పెరిగి, స్పీకరున నాదమగును. ఒంటితీగ వ్రేలికి లొంగును. పెరిగిన నాదము కొస వరకు వినబడును. కనుక తీగను జార్చియు, లాగియు గమకమును పలికించుటకు వ్యవధి చిక్కినది. ఆయన వేగమును చూచి లోకము చప్పట్లు కొట్టినది గాని, ఆ వేగముకంటె దుర్లభమైనది విలంబకాలమున ఆయన ఒక్క స్వరముపై నిలుచుట. గురువుగారి కంఠమున విన్న సాగుదలకై బాల్యమున పడిన తపన అచట ఫలించినది.

ఇంతవరకు తూర్పు ఒడ్డు. ఇక పడమటి ఒడ్డునకు పోవుదము. 1960వ దశాబ్ది చివర ఇంగ్లండున కొందరు యువకులకు మూడు నిమిషముల పాటతో తనివి తీరకపోయెను. ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు పైగా నడచు లాంగ్ ప్లే రికార్డు అంతకుముందే చేతికి వచ్చి యున్నది. మూగ్ సింథసైజరు వంటి కొత్త విద్యుద్వాద్యములు అప్పుడప్పుడే వచ్చుచున్నవి. పింక్ ఫ్లాయిడ్, కింగ్ క్రిమ్సన్, యెస్, జెనెసిస్ మొదలైన బృందములు రాక్ సంగీతమున దీర్ఘరచనను ప్రవేశపెట్టగా దానికి ప్రోగ్రెసివ్ రాక్ అను పేరు వచ్చినది. 1973లో మైక్ ఓల్డ్‌ఫీల్డ్, ఇరువదేండ్లు నిండి నిండని ప్రాయమున, వాద్యములలో అధికభాగమును తానే వాయించి ‘ట్యూబ్యులర్ బెల్స్’ అను రెండు భాగముల రచన చేసెను. అది దాదాపు మాటలు లేనిది. మరుసటి యేడు జర్మనీకి చెందిన టాంజెరీన్ డ్రీమ్ బృందము ‘ఫేడ్రా’ అను ఆల్బమున గాయకుని పూర్తిగా తొలగించి, సింథసైజరుల పొరలనే నడిపించినది. రత్నగిరి నెక్కి సత్యనారాయణ వ్రతమునకు కూర్చున్న దంపతులు, సాధువణిక్కుని కథ ఎట్లు ముగియునో తెలిసియు, అయిదు కథలను వరుస తప్పక విని లేచెదరు గదా! వినువానికి అట్టి స్థైర్యము నేర్పజూచినది ఈ సంగీతము. తరువాత ఏమగునన్న కుతూహలముతో గాక, ఆ కాలమున నివసించుటకై వినుమని కోరినది.

దీనినుండి యాంబియెంట్ సంగీతమను శాఖ చీలినది. బ్రయన్ ఈనో అను సంగీతకారుడు 1975లో ప్రమాదమునకు గురియై మంచముపై నుండగా, చూడవచ్చిన మిత్రురాలు హార్ప్ రికార్డు నొకటి ఇచ్చి పోయెను. దానిని పెట్టి పడుకొనగా ధ్వని మరీ తక్కువగా నున్నది. లేచి పెంచు శక్తి ఆయనకు లేదు. వాన చప్పుడులో కలిసి సగము వినబడియు సగము వినబడకయు నున్న ఆ సంగీతము పరిసరములో భాగమైపోవుటను ఆయన గమనించెను. శ్రద్ధగా వినువానికిని, వినక తన పని తాను చేసికొనువానికిని సమానముగా నొప్పునట్టి సంగీతము ఉండదగునని తలచి, 1978లో విమానాశ్రయములకై ఒక ఆల్బమును కూర్చెను. ఆ ఈనోతోను, డేనియల్ లాన్వాతోను కలిసి 1985లో ‘హైబ్రిడ్’ అను ఆల్బమును చేసినవాడే మన మైకేల్ బ్రూక్. రియల్ వరల్డ్ సంస్థను 1989లో నెలకొల్పినవాడు పీటర్ గేబ్రియల్. అతడు పూర్వము జెనెసిస్ బృందపు గాయకుడు. ఆ సంస్థకే బ్రూక్ అంతకుముందు నుస్రత్ ఫతే అలీఖాన్ గారి కవ్వాలీతో ‘మస్త్ మస్త్’ అను ఆల్బమును చేసి యుండెను. కనుక ‘డ్రీమ్’ ఆకాశమునుండి ఊడిపడినది కాదు. ప్రోగ్రెసివ్ రాక్ తెరచిన వాకిటినే పాలకొల్లు మాండలిన్ ఆ యింట ప్రవేశించినది.

బ్రూక్ పేరు వాద్యకారులలో ప్రసిద్ధమగుటకు కారణము అతడు కల్పించిన ‘ఇన్ఫినిట్ గిటార్’. గిటారు గూడ మీటు వాద్యమే. దానికిని నాదము ఇంకిపోవుటయే జబ్బు. బ్రూక్ చేసిన చికిత్స ఏమనగా, తీగ పుట్టించిన విద్యుత్తును పెంచి, దానిని మరల తీగ దగ్గరనే యున్న అయస్కాంతపు చుట్టకు పంపుట. ఆ అయస్కాంతము తీగను అదే లయలో కదలించుచుండును. తీగ తన నాదముచే తానే నడచుచు, వ్రేలు తీయువరకు ఆగక మ్రోగును. ఐర్లండుకు చెందిన యూటూ బృందపు గిటారిస్టుకు అట్టిదానిని బ్రూక్ చేసి యిచ్చెను. 1987లో లోకమంతట మారుమ్రోగిన వారి ‘విత్ ఆర్ వితౌట్ యూ’ అను పాటలో వినవచ్చు దీర్ఘనాదము దానిదే. చూచితిరా! ద్రాక్షారామపు వైణికునిదియు, టొరాంటో గిటారు వానిదియు ఒక్కటే బాధ. ఒకడు ఇంకిపోవు నాదముతోనే చేతి నేర్పున పని చేయించుకొనెను. వేరొకడు ఇంకిపోవుటనే యంత్రముచే మాన్పించెను. ఈ రెండు సమాధానములు ఒక్క ఆల్బమున ఎదురెదురుగా కూర్చుండుటయే ‘డ్రీమ్’ యొక్క సారము. వియ్యము కుదిరిన చోటు ఇదియే.

ఆల్బమును ఈ దృష్టితో వినినచో దాని గుణదోషములు రెండును స్పష్టమగును. గుణము మొదట చెప్పెదను. వెనుక నిలుచు నాదము ఎడతెగనిది గనుక, దానిముందు మాండలిన్ స్వరము పుట్టుటయు, ఊగుటయు, సన్నగిల్లుటయు మునుపెన్నడు లేనంత స్ఫుటముగా వినబడును. మృదంగము, ఘటము, వయొలిన్ చుట్టుముట్టిన కచేరీలో ఒక జారు ముగిసిన చోట వెంటనే వేరొక ధ్వని వచ్చి ఆ ఖాళీని కప్పివైచును. ఇచట ఆ ఖాళీ ఖాళీగనే మిగులును. యంత్రము ఉచితముగా నిచ్చిన దీర్ఘత యొకటి, చేయి కష్టపడి సంపాదించిన దీర్ఘత యొకటి. రెంటిని ప్రక్కప్రక్కన వినిన చెవికి గమకమనగా అలంకారము కాదని, స్వరమునకు ఆయుర్దాయమని బోధపడును. మన శాస్త్రము చెప్పిన మాటకు ఇంత ప్రత్యక్షమైన ఉదాహరణము నాకు వేరొక రికార్డున కనబడలేదు.

ఇక దోషము. మన తంబురా కదలదు. షడ్జపంచమములు స్థిరముగా నుండగా వాని నానుకొని ప్రతి స్వరమును తన దూరమును తాను తెలిసికొనును. పాశ్చాత్య రచనలో వెనుకనున్న స్వరసముదాయము కదలుట సహజము. అది కదలినంతనే ముందున్న అదే మధ్యమము వేరొక అర్థమును పొందును. అందులో నొక కొత్త అందము లేకపోలేదు గాని, రాగము తన ఇంటిలో తాను అతిథియైనట్లు తోచు ఘట్టములు ఈ ఆల్బమున గలవు. రెండవది, మనోధర్మమునకు ఎదురుమాట చెప్పు మృదంగ విద్వాంసుని వంటివాడు ఇచట లేడు. స్టూడియోలో పొరమీద పొర పేర్చు పద్ధతికి ఆ క్షణపు కయ్యము వియ్యము అలవడవు. మూడవది, రాగనామమును తెలిసికొనవలెనను కోరిక లేని శ్రోతకు, ఆ వాద్యము ఎంత కట్టుబాటులో నుండి మాటలాడుచున్నదో ఎన్నటికిని తెలియదు. స్వేచ్ఛగా తిరుగుచున్నదని భ్రమించును. ఈ మూడును చిన్న లోపములు కావు.

కాని మనవారు సాధారణముగా చేయు ఆక్షేపణలు ఇవి కావు. మొదటి ఆక్షేపణ విద్యుత్తుపై. ఎలక్ట్రానిక్ తంబురా మీట నొక్కి, దాని శ్రుతిలో పాడి, మైకున వినిపించి, ఆ పిమ్మట విద్యున్మాండలిన్ సంప్రదాయవిరుద్ధమనుట న్యాయము కాదు. రత్నగిరిపై వ్రతకథను పురోహితుడు మైకున చెప్పినంతమాత్రమున ఫలము తగ్గినదని ఏ భక్తుడును ఇంటికి పోయి చెప్పుట లేదు. రెండవది, సాహిత్యము లేదనుట. త్యాగరాజస్వామిని కొలుచు జాతికి ఈ బెంగ సహజమే; మన వాద్యవిద్వాంసుడు కృతిని వాయించునపుడు మాటలను శ్రోత తన మనస్సున తాను పూరించుకొనును. అట్లయినను ఆలాపనకును, తానమునకును సాహిత్యమెక్కడిది? రాగము తన బలముపై తాను నిలుచు ఘట్టములనే మనము కచేరీకి శిఖరముగా నెంచుచున్నాము. 1986లో ఇళయరాజా గారు త్యాగరాజస్వామికిని, బాఖ్‌కును అంకితముగా ‘హౌ టు నేమ్ ఇట్’ అను వాద్యసంపుటమును వెలువరించినపుడు మాటలు లేవని మన ఇండ్లలో ఎవరును దానిని త్రోసిపుచ్చలేదు.

మూడవ ఆక్షేపణయే బలమైనది. వినినను వినకున్నను చెల్లునను సంగీతముతో, ఒళ్లంతయు చెవియై వినవలసిన మన సంగీతమునకు పొత్తు ఎట్లు కుదురును? దీనికి నా సమాధానము తంబురాయే. తంబురాను ప్రత్యేకముగా వినుటకు ఎవరును కచేరీకి రారు; అది లేనినాడు మాత్రము గాయకుడు నోరు తెరువలేడు. వినబడియు వినబడని నాదమును వెనుకనుంచి, దానిముందు మిక్కిలి శ్రద్ధను కోరు నాదమును నిలుపుట మనకు పుట్టుకతో వచ్చిన పద్ధతి. బ్రూక్ ఇచట నెరపినది చాలవరకు తంబురా పాత్రయే. చాపల్యముగల తంబురా యన్నచో సరిపోవును. ఈనో మతమున రెండు విధముల శ్రోతలుండవచ్చును గాని, శ్రీనివాస్ గారి మీటు పడినచోట రెండవ విధపు శ్రోత మిగులడు. ఆ మాండలిన్ గదిలోని గాలితో కలిసిపోవుటకు ఒప్పుకొనదు. యాంబియెంట్ సంగీతపు నియమమును ఈ ఆల్బము తన మధ్యభాగముననే భంగపరచుచున్నది. ఆ భంగమే దానికి శోభ.

తరువాతి కాలమున ఆయన, ఒకప్పుడు మహావిష్ణు ఆర్కెస్ట్రాతో రాక్ సంగీతపు హద్దులను చెరిపిన జాన్ మెక్‌లాఫ్లిన్‌తోను, జాకిర్ హుస్సేన్ గారితోను కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందమున ఏండ్ల తరబడి వాయించిరి. అందు ఎదురుమాట చెప్పువారికి కొదువ లేదు. సవాలు, జవాబు, నవ్వు, పందెము, అన్నియు గలవు. కచేరీగా అదియే గొప్పదని నేనును ఒప్పుకొందును. అయినను నాదమునకు నాదము తోడుగా నిలిచి, ఒక్క స్వరపు ఆయువును కొలిచి చూపిన పని మాత్రము ‘డ్రీమ్’ చేసినదే.

కాబట్టి ఈ స్మృతిసభ ద్వారా కార్యకర్తలకు రెండు మనవులు. మన ఉత్సవములలో వాద్యకచేరీని ఎండవేళకో, గాత్రకచేరీకి ముందు జనము కుదురుకొను వేళకో నెట్టు అలవాటు మానుడు. రాత్రి ప్రధానవేళను వీణకును, మాండలిన్‌కును వంతుల చొప్పున ఇయ్యుడు. రెండవది, విద్యార్థులను కూర్చుండబెట్టి, దీపము తగ్గించి, ఈమనివారి వీణను, చిట్టిబాబుగారి వీణను, పిమ్మట ‘డ్రీమ్’ నాలుగు ఖండికలను నడుమ ఆపక ఒక్క బైఠకున వినిపింపుడు. ఉపన్యాసము అక్కరలేకయే వారు వంశమును గుర్తింతురు.

నేడు కీర్తన క్రింద సింథసైజరు మ్రోత నొకటి పరచి ఫ్యూజన్ అని పేరు పెట్టువారు ఊరికి పదిమంది గలరు. వారిని నూతనత్వముపేర మెచ్చుటయు, సంప్రదాయముపేర తిట్టుటయు రెండును తేలికయైన పనులే. వారి నడుగవలసిన ప్రశ్న ఒక్కటి గలదు. చేయి చిరకాలముగా దేనికై శ్రమించినదో దానిని ఆ యంత్రము మరింత వినబడజేసినదా, లేక చేతికి శ్రమ తప్పించి దాని లోపమును కప్పినదా? చేయి బలమైనది గనుకనే పాలకొల్లు మాండలిన్ అంతటి ఎడతెగని నాదము ముందు కూర్చుండియు చిన్నబోలేదు. ఈ ప్రశ్నకు నిలిచిన పని ఏ దేశపు స్టూడియోలో పుట్టినను మనదే. నిలువనిది ఈ రత్నగిరి మెట్లమీద పుట్టినను మనకు అక్కరలేదు.